బెండు మునిగేదాకా: అడ్వెంచర్ గేమ్స్‌లో చేపల వేట

అడ్వెంచర్ గేమ్‌లో బటన్ నొక్కగానే ఏదో ఒకటి జరగాలి. కత్తి ఊగాలి, గుర్రం దౌడు తీయాలి, తలుపు తెరుచుకోవాలి. ఈ లెక్క పనిచేయని చోటు ఒకటుంది. గాలం నీళ్ళలో పడ్డాక ఆటగాడు ఊరికే ఉండాలి. తొందరపడి లాగితే దగ్గరికొచ్చిన చేప కూడా పోతుంది. మిగతా ఆటంతా చురుకుదనాన్ని అడిగి, ఇక్కడ మాత్రం ఓపికను అడుగుతుంది. ముప్పై ఏళ్ళకు పైగా ఎన్నో పెద్ద గేమ్స్ తమ కథతో ఏ సంబంధమూ లేని ఈ పనిని వదలకుండా పెట్టుకుంటూ రావడానికి అసలు కారణం ఇదే. అయితే పెట్టిన ప్రతి చోటా అది పండలేదు. ఎక్కడ పండింది, ఎక్కడ ఎండింది అని చూస్తే ఈ చిన్న ఆట వెనకున్న కిటుకు బయటపడుతుంది.

మొదట్లో ఇది చాలా చిన్న సరదా. 1993లో నింటెండో గేమ్ బాయ్ మీద వచ్చిన 'లింక్స్ అవేకెనింగ్'లో మేబ్ అనే ఊళ్ళో ఓ చెరువుంటుంది. పది రూపీలు కడితే (జెల్డా గేమ్స్‌లో డబ్బు పేరు అది) గాలం వేయనిస్తారు. నీళ్ళను పక్క నుంచి కోసి చూపించినట్టు తెర మీద చెరువు కనిపిస్తుంది, చిన్న చేపలూ పెద్ద చేపలూ అటూ ఇటూ తిరుగుతుంటాయి. పెద్దది పడితే కట్టిన దానికి రెట్టింపు చేతికొస్తుంది. అదే ఏడాది క్యాప్‌కామ్ తెచ్చిన 'బ్రెత్ ఆఫ్ ఫైర్'లోనూ చేపలు పట్టొచ్చు. రెండింటిలోనూ ఇదొక విరామం, అంతే.

1998లో నింటెండో 64 మీద వచ్చిన జెల్డా గేమ్ 'ఒకరీనా ఆఫ్ టైమ్' ఈ విరామాన్ని వేరే స్థాయికి తీసుకెళ్ళింది. హైలియా సరస్సు పక్కన కొండను ఆనుకుని ఓ గుడిసె, లోపల చెరువు, గల్లాపెట్టె దగ్గర ఓ యజమాని. ఇరవై రూపీలు ఇస్తే ఎంతసేపైనా ఉండొచ్చు. బాస్‌ల (పెద్ద శత్రువుల) ప్రోగ్రామింగ్ చేసిన కజుఆకి మోరిటా పని ఒత్తిడి మధ్య కాస్త ఊపిరి పీల్చుకోడానికి మొదలుపెట్టిన ప్రయోగం ఇలా చెరువుగా మారింది. ఆ సంగతి చెరువును చూస్తేనే తెలిసిపోతుంది. పైవాళ్ళు అడిగారని చేసిన పనిలా ఉండదు. గాలం వేయడమంటే ఇష్టం ఉన్న మనిషి చేసినట్టు ఉంటుంది.

అక్కడ చేపలు నేరుగా వచ్చి ఎరను మింగేయవు. కలువాకుల కింద, దుంగల పక్కన నక్కి ఉంటాయి. లూర్‌ను (నకిలీ ఎరను) కంట్రోలర్ స్టిక్‌తో చిన్నగా కుదిపితే ఓ చేప తల తిప్పుతుంది, వెనకే వస్తుంది, మనసు మార్చుకుని వెళ్ళిపోతుంది. ఎక్కువ కుదిపితే బెదురుతుంది, కుదపకపోతే పట్టించుకోదు. పట్టుకున్న క్షణంలో స్టిక్ వెనక్కి లాగాలి. కంట్రోలర్‌కు దాన్ని వణికించే రంబుల్ ప్యాక్ తగిలించి ఉంటే చేప పెనుగులాట అరచేతిలో తెలుస్తుంది. కథానాయకుడు లింక్ పిల్లవాడిగా ఉన్నప్పుడు బరువైన చేప పడితే ప్రాణశక్తిని పెంచే గుండె ముక్క దొరుకుతుంది. ఏడేళ్ళు గడిచి పెద్దవాడిగా తిరిగొచ్చి ఇంకా పెద్ద చేప పడితే బంగారు పొలుసు వస్తుంది, దాంతో మరింత లోతుకు మునగొచ్చు.

బహుమతుల సంగతి అలా ఉంచి, ఆ చెరువులో దాచిన చిలిపి పనులు చూడాలి. నీటి అడుగుకు దిగే లూర్ ఒకటి ఆవరణలో ఎక్కడో దాగి ఉంటుంది. దాంతో పెద్ద చేపలు తేలిగ్గా పడతాయి గానీ యజమాని ఒప్పుకోడు, అలా పట్టిన చేపకు బహుమతి ఇవ్వడు. అడుగున తిరిగే హైలియన్ లోచ్ అనే అరుదైన చేప కోసమే గంటలు గడిపిన ఆటగాళ్ళున్నారు. పెద్దయ్యాక గాలాన్ని సూటిగా యజమాని మీదకే విసిరితే అతని టోపీ ఊడి కొక్కేనికి తగులుకుంటుంది, కింద బట్టతల బయటపడుతుంది. ఇవేవీ కథకు అక్కర్లేదు. కానీ ఏడేళ్ళలో రాజ్యం గానన్‌డార్ఫ్ అనే విలన్ చేతిలో పడి, సంత బజారు పాడుబడి, మనుషులు మాయమైపోయినా ఈ చెరువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. పాడైపోయిన లోకంలో ఇంకా మామూలుగా ఉన్నదేదో చూపించడం తేలికైన పని కాదు. అందుకోసం ఒక్క డైలాగు కూడా రాయలేదు, చెరువును అలాగే ఉంచారు. 'లోకం మునిగిపోతుంటే వీరుడు చేపలు పట్టడమేంటి' అని చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు ఈ గేమ్‌లోనే జవాబుంది: ఏ లోకాన్ని కాపాడాలో ఆటగాడికి తెలిసేది ఇలాంటి చోట్లే.

ఇక చేప చిక్కాక జరిగే పెనుగులాట సంగతి. దాదాపు అన్ని గేమ్స్‌లోనూ దీనికి మూలం దారం మీద పడే టెన్షన్. గట్టిగా లాగితే దారం తెగుతుంది, వదిలేస్తే చేప తప్పించుకుంటుంది. 2016 నాటి 'ఫైనల్ ఫాంటసీ 15'లో చేప ఏ వైపు పరిగెడితే స్టిక్ ఆ వైపు తిప్పాలి, దారం బలం ఎంత మిగిలిందో చూసుకుంటూ రీల్ చుట్టాలి. 'స్పిరిట్‌ఫేరర్'లో దారం ఎర్రబడగానే వదిలేయాలి. 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'లో చేప గుంజుతున్నంతసేపు రీల్ ఆపి, అలిసిపోయాక స్టిక్‌ను గుండ్రంగా తిప్పుతూ దగ్గరికి లాగాలి. బెండు కట్టిన గాలాన్ని పంటకాలువలో వేసి, పెద్ద జెల్ల తగిలినప్పుడు దారం వదులుతూ పట్టుతూ గట్టుకు తెచ్చినవాళ్ళకు ఈ లెక్క కొత్త కాదు. గేమ్ డిజైన్ వైపు నుంచి చూస్తే ఇది పోరాటానికి సరిగ్గా తలకిందులు. కత్తియుద్ధంలో ఎక్కువ కొట్టినవాడు గెలుస్తాడు, ఇక్కడ ఎప్పుడు ఆగాలో తెలిసినవాడు గెలుస్తాడు. అవే బటన్లు, అవే వేళ్ళు. అలవాటు మాత్రం పూర్తిగా మారాలి. అందుకే బాగా చేసిన చేపల వేట పది నిమిషాలే ఆడినా మనసుకు మార్పు తెలుస్తుంది.

పెనుగులాట కన్నా ముందుండే నిరీక్షణను రూపొందించడం ఇంకా కష్టం. మరీ పొడవైతే విసుగు, మరీ పొట్టిదైతే అది నిరీక్షణే కాదు. 2020లో పూర్తిస్థాయిలో విడుదలైన 'హేడీస్' దీన్ని కొన్ని సెకన్లలోకి కుదించింది. ఈ గేమ్ మొత్తం వేగమే, గది తర్వాత గది శత్రువులను నరుక్కుంటూ పోవడమే. గేలపు కర్ర కొనుక్కున్నాక, ఒక్కోసారి గది ఖాళీ అయ్యాక నీటి అంచున ఓ మెరుపు కనిపిస్తుంది. గాలం వేస్తే బెండు ఓ సారి చిన్నగా ఊగుతుంది. అది నిజం కాదు. మళ్ళీ ఊగుతుంది. అదీ కాదు. అప్పుడు ఒక్కసారిగా మునుగుతుంది, ఆ కన్నుమూసి తెరిచేంతలో బటన్ నొక్కాలి. క్షణం క్రితం వరకు ఆపకుండా బటన్లు కొడుతున్న వేలికి అక్కడ ఆగడం ఎంత కష్టమో ఆడితేనే తెలుస్తుంది. నిప్పుల నదిలోనూ గాలం వేయొచ్చు, అక్కడా చేపలున్నాయి. పట్టినవాటిని పాతాళంలోని వంటవాడికి ఇస్తే బదులుగా ఉపయోగపడే వస్తువులిస్తాడు. ఇంత పరుగుల గేమ్‌లో ఈ కొద్ది సెకన్ల నిశ్చలతను ఇమడ్చడం గొప్ప డిజైన్.

ఇంత మంచి సరదా కూడా ఓ చోట పెద్ద తలనొప్పి అయింది. 1998 చివర్లో సెగా డ్రీమ్‌కాస్ట్ మీద జపాన్‌లో విడుదలైన 'సోనిక్ అడ్వెంచర్'లో ఆరు పాత్రలుంటాయి. అందులో బిగ్ అనే లావుపాటి పిల్లి తన నేస్తమైన ఫ్రాగీ అనే కప్పను వెతుక్కుంటూ తిరుగుతుంది. నాలుగు స్టేజీల్లో గాలం వేసి ఆ కప్పనే పట్టాలి. వేరే చేపలు ఎన్ని పడినా లాభం లేదు. పైగా చివరి కథ తెరుచుకోవాలంటే ఆరుగురి కథలూ పూర్తి చేయాల్సిందే. ధ్వనివేగంతో పరిగెత్తడం కోసం గేమ్ కొన్నవాళ్ళకు ఇది గోడలా అడ్డుపడింది. సోనిక్ అభిమానుల్లో బిగ్ స్టేజీలకు వచ్చినంత చెడ్డపేరు చాలా తక్కువ వాటికి వచ్చి ఉంటుంది.

బలవంతం చేయడమే తప్పు అనుకుంటే అదీ సరికాదు. 2006లో వచ్చిన మరో జెల్డా గేమ్ 'ట్వైలైట్ ప్రిన్సెస్'లో మొదటి గంటలోనే చేప పట్టి తీరాలి. ఆర్డన్ ఊళ్ళో దుకాణం నడిపే సేరా తన పిల్లి కనిపించక దిగాలుగా ఉంటుంది. పిల్లి వాగు ఒడ్డున నీళ్ళలోకి చూస్తూ కూర్చుని ఉంటుంది. లింక్ చేప పట్టిస్తే అది నోట కరుచుకుని ఇంటికి పరిగెడుతుంది. అప్పుడే దుకాణంలో వ్యాపారం మొదలవుతుంది. తర్వాత మంచుకొండ ఎక్కాల్సి వచ్చినప్పుడు మళ్ళీ గాలం పని పడుతుంది. జోరా అనే నీటి జాతి రాకుమారుడు ఇచ్చిన పగడపు చెవిపోగును కొక్కెంగా కట్టి ఘాటైన వాసనుండే రీక్‌ఫిష్‌ను పట్టాలి. లింక్ తోడేలుగా మారి ఆ వాసనను గుర్తుపెట్టుకుని, ఏమీ కనపడని మంచు తుపానులో దాన్నే పట్టుకుని దారి వెతుక్కుంటాడు. గేమ్ అడిగిందని చేసే పని ఇది కూడా. కానీ ఆ చేపకు ఈ లోకంలో ఓ పనుంది. పిల్లి ఆకలి తీర్చింది, తుపానులో దారి చూపింది. బిగ్ పట్టే కప్పకు ఆ స్టేజీ ముగించడం తప్ప వేరే ప్రయోజనం లేదు. ఆటగాడిని బలవంతంగా కూర్చోబెట్టినా ఎందుకు కూర్చున్నాడో అతనికి అర్థమైతే కోపం రాదు. అదే గేమ్‌లో హీనా అనే అమ్మాయి నడిపే చేపల మడుగు ఎవరి బలవంతమూ లేనిది. లోపలికి వెళ్ళిన ప్రతిసారీ అక్కడ ఋతువు మారుతుంటుంది. తెడ్డు వేసుకుంటూ పడవలో తిరుగుతూ ఓ సాయంత్రం మొత్తం గడిపేయొచ్చు.

చేపల వేటను కథకు వాడుకోవడంలో మాత్రం 2018 నాటి 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'ను మించినది లేదు. కథాకాలం 1899. దొంగల ముఠాలో పెద్ద తలకాయల్లో ఒకడు, ఆటగాడు నడిపే పాత్ర ఆర్థర్. జాక్ అనే పిల్లవాడిని కాస్త బయటికి తీసుకెళ్ళమని వాడి తల్లి ఆబిగెయిల్ అతన్ని అడుగుతుంది. జాక్‌కు నాలుగేళ్ళు. ఇద్దరూ గుర్రమెక్కి ఏటి ఒడ్డుకు పోతారు. ఆటగాడికి గాలం వేయడం నేర్పే పాఠం ఇదే. ఎర గుచ్చడం, విసరడం, చేప గుంజితే ఆగడం, అలిస్తే చుట్టడం. పక్కన పిల్లవాడు కాసేపు చూసి, విసుగొచ్చి, పూలు ఏరుకోడానికి పోతాడు, తల్లికి దండ గుచ్చాలని. ఆర్థర్‌తో పాటు ఆటగాడి మనసూ నెమ్మదిస్తుంది. సరిగ్గా అప్పుడు ఇద్దరు సూట్లు వేసుకున్న మనుషులు వస్తారు. పింకర్టన్ అనే ప్రైవేటు డిటెక్టివ్ సంస్థ ఏజెంట్లు, మిల్టన్, రాస్. ముఠా నాయకుణ్ణి అప్పగిస్తే ఆర్థర్‌ను వదిలేస్తామంటారు. తుపాకులు పేలవు, ఛేజింగ్ ఉండదు. అయినా ఆ గేమ్‌లో అంతకన్నా భయపెట్టే సన్నివేశాలు కొన్నే ఉంటాయి. అంతకు ముందు పది నిమిషాలు ఆటగాడి చేతులు బెండు కోసం ఎదురుచూస్తూ కుదురుగా ఉండటమే దానికి కారణం. కథ ఈ మాటలను డెన్‌లో, తుపాకీ పోరాటం తర్వాత చెప్పి ఉంటే సగం బలం కూడా ఉండేది కాదు.

2010లో వచ్చిన మొదటి గేమ్ ఆడినవాళ్ళకు ఈ ఒడ్డు ఇంకో రకంగా గుచ్చుకుంటుంది. కథాకాలంలో అది తర్వాతిది. ఆ గేమ్ చివర్లో పెద్దవాడైన జాక్ తండ్రి చావుకు పగ తీర్చుకోడానికి ఎడ్గర్ రాస్‌ను వెతుక్కుంటూ వెళ్ళి నది ఒడ్డునే పట్టుకుంటాడు. పూలు ఏరుతున్న పసివాడిగా జాక్ రాస్‌ను మొదట చూసింది కూడా నీటి ఒడ్డునే. చేపల పాఠంలో ఇంత బరువు మోయించడం రచయితల ధైర్యం. అది సాధ్యమైంది ఆ పని మామూలుగా, నెమ్మదిగా ఉండటం వల్లే.

ఈ మిషన్ దాటాక చేపల వేట ఎవరి ఇష్టం వారిది. జెరెమీ గిల్ అనే వెర్రి జాలరి ఇచ్చే పటంతో పదమూడు అసాధారణ చేపల కోసం దేశమంతా తిరగొచ్చు. అవి మామూలు ఎరకు పడవు, చెరువుకూ ఏటికీ చిత్తడికీ వేరువేరు లూర్లు కొనాలి. పట్టినదాన్ని గుర్రం మీద వేసుకుని పోస్టాఫీసుకు పోయి గిల్‌కు పంపాలి. చూడ్డానికి వింతగా ఉన్నా దీనివల్ల ఆటగాడు మంచు కొండల్లోని సరస్సులూ దక్షిణాది బురద నేలలూ నింపాదిగా తిరుగుతాడు. గుర్రం మీద దాటుకుంటూ పోయే చోటుకూ, కూర్చుని నీళ్ళకేసి చూసే చోటుకూ చాలా తేడా ఉంది. పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్స్ తయారుచేసే స్టూడియోలకు చేపల వేట అంటే ఇంత ఇష్టం ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. నీళ్ళూ, వెలుతురూ, వానా, చేపలూ ఎలాగూ గేమ్‌లో ఉన్నాయి. వాటిని ఆటగాడు నిజంగా చూసేలా చేయడానికి ఓ గాలం చాలు.

అందరూ అలా వాడుకోలేదు. 2020 నాటి 'అసాసిన్స్ క్రీడ్ వాల్‌హల్లా'లో ఇంగ్లండ్ నదులు కళ్ళు తిప్పుకోనివ్వనంత అందంగా ఉంటాయి. గాలం ఉంది, గ్రామంలో చేపల గుడిసె ఉంది. కానీ బలిపీఠాల దగ్గర ఫలానా చేపలు ఇన్ని పెట్టమని గేమ్ అడగడం మొదలుపెట్టేసరికి అది కిరాణా చిట్టీ అయిపోతుంది. ఓడిన్ చూపుతో నీళ్ళలోని చేపలు మెరిసి కనిపిస్తాయి, విల్లుతో కొట్టినా పడతాయి. బెండు కోసం కూర్చునే ఓపిక ఎవరికుంటుంది? చేపకు ధర కట్టి, దాన్ని దొరకబుచ్చుకోడానికి దగ్గరి దారి కూడా చూపిస్తే గాలం మూలన పడుతుంది. 'ఫైనల్ ఫాంటసీ 15' దీన్ని తెలివిగా తప్పించుకుంది. అందులో నలుగురు మిత్రులకూ తలా ఓ హాబీ. నాక్టిస్‌ది చేపల వేట, ఇగ్నిస్‌ది వంట, ప్రాంప్టోది ఫోటోగ్రఫీ, గ్లాడియోలస్‌ది అడవిలో బతికే నైపుణ్యం. నాక్టిస్ పట్టిన చేప ఇగ్నిస్ చేతిలో వంటకమవుతుంది, అది తిన్న నలుగురికీ మర్నాడు పోరాటంలో బలం వస్తుంది. చేప విలువ డబ్బులో కాక ఆ రాత్రి భోజనంలో తెలుస్తుంది. వేటలో దొరికిన దానితో స్నేహితుడు వంట చేసి పెట్టడంలో ఉన్న తృప్తి వేరు.

2017లో జెల్డా సిరీసే గేలపు కర్ర లేకుండా రావడం ఆసక్తికరమైన సంగతి. 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'లో చేపలు నిండా ఉన్నాయి, తింటే గుండెలు నిండుతాయి, గాలం మాత్రం లేదు. ఈదుతూ పోయి చేత్తో పట్టొచ్చు, బాణం వేయొచ్చు. చెరువులోకి బాంబు విసిరితే చేపలన్నీ తేలిపోతాయి, కరెంటు బాణం వేసినా అంతే. ఆ గేమ్ మొత్తం 'నీ చేతిలో ఉన్నదాంతో ఎలాగైనా చేసుకో' అనే సూత్రం మీద నడుస్తుంది కాబట్టి ఈ నిర్ణయం దానికి నప్పింది. బాంబుతో చేపలు పట్టడం మొదటిసారి కనిపెట్టినప్పటి ఆనందం నిజమైనదే. అయినా అక్కడ నీళ్ళ పక్కన ఎవరూ ఆగరు. బాంబు వేసి, ఏరుకుని పోతారు. 2023లో వచ్చిన 'టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్' కూడా ఇదే దారి పట్టింది. ఇంత అందమైన సరస్సులున్న లోకంలో గట్టున కూర్చోడానికి ఒక్క కారణమైనా లేకపోవడం నష్టమే. దానికి బదులుగా వచ్చిన స్వేచ్ఛ ఎంత గొప్పదైనా ఆ లోటు తెలుస్తూనే ఉంటుంది.

అదే 2023లో న్యూజిలాండ్‌కు చెందిన బ్లాక్ సాల్ట్ గేమ్స్ 'డ్రెడ్జ్' అనే గేమ్‌తో ఈ పక్క పనిని నడిమధ్యకు తెచ్చి కూర్చోబెట్టింది. ఇందులో ఆటగాడు ఓ జాలరి, చుట్టూ దీవులు, చేతిలో పాత పడవ. చేపలు పట్టి, పడవ అడుగున గళ్ళుగళ్ళుగా ఉన్న స్థలంలో సర్ది, రేవులో అమ్ముకోవాలి. మామూలు వేటలా మొదలై, వలలో కళ్ళు ఎక్కువున్నవీ వికారంగా మారినవీ పడటంతో కథ భయం వైపు తిరుగుతుంది. చీకటి పడితే జాలరికి భయం పెరిగి, సముద్రంలో లేనివి కనిపించడం మొదలవుతుంది. కాలాన్ని వాడుకున్న తీరులోనే డిజైన్ తెలివి ఉంది. పడవ కదిలినప్పుడూ వేట సాగుతున్నప్పుడూ మాత్రమే గడియారం ముందుకు పోతుంది. ఇంకో చేప, ఇంకొక్కటి అనుకుంటూ ఆగిన ప్రతిసారీ పొద్దు వాలుతుంది. మిగతా గేమ్స్‌లో ఖర్చు లేకుండా దొరికిన నిరీక్షణకు ఇక్కడ వెల కట్టాలి. చేప విలువైనదైతే రేవు దూరమైనదే అవుతుంది కాబట్టి, లాభం లెక్క వేసుకుంటున్న ఆటగాడే చీకట్లో చిక్కుకుంటాడు.